లక్ష్మణఫలం కీమో కంటే 10,000 రెట్లు పవర్‌ఫుల్ అనే ఆ మెసేజ్ గురించి

మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది. లక్ష్మణఫలం కీమో కంటే 10,000 రెట్లు పవర్‌ఫుల్ అట, సైడ్ ఎఫెక్ట్సే ఉండవట, మొక్కకి పేటెంట్ రాదు కాబట్టి మందుల కంపెనీలు తొక్కిపెట్టాయట. నాకిది పంపింది కీమో మధ్యలో ఉన్న మా అక్క. అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఆ 10,000 సంగతి. 1990లలో ల్యాబ్‌లో పెంచిన పెద్దపేగు కేన్సర్ కణాల మీద, ఈ చెట్టు గింజల్లోంచి తీసిన ఒక పదార్థాన్ని ఎడ్రియామైసిన్ అనే ఒక్క కీమో మందుతో పోల్చినప్పుడు వచ్చిన లెక్క అది. మనిషికి ఇచ్చి చూసింది కాదు, పండు తినిపించింది అసలే కాదు.

రెండోది, దాచేశారన్నది. ఇదే నాకు అస్సలు మింగుడుపడదు, ఎందుకంటే అక్కకి ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ అనే కీమో మందు పుట్టిందే చెట్టు బెరడులోంచి. 1962లో అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు కోసుకొచ్చారు, 12 కిలోల ఎండు బెరడు నుంచి దొరికింది అర గ్రాము, దాని నిర్మాణం 1971లో బయటపెట్టారు, మందుగా అనుమతి వచ్చేసరికి 1992 అయింది. ముప్పై ఏళ్లు! 2000లో ఒక్క ఏడాదే దాని అమ్మకాలు దాదాపు 160 కోట్ల డాలర్లు. మొక్కకి పేటెంట్ రాకపోయినా తయారీ పద్ధతికి వస్తుంది, ఇంత డబ్బున్న చోట నిజంగా పనిచేసేదాన్ని ఎవరు దాచుకుంటారు చెప్పండి. పిల్లల బ్లడ్ కేన్సర్‌లో వాడే విన్‌క్రిస్టిన్ కూడా బిళ్ల గన్నేరు నుంచి వచ్చిందే.

ఇక మొక్కదైతే హాని ఉండదన్న మాట. ఆ విన్‌క్రిస్టిన్ ఒక్కసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. సూది కాస్త పక్కకి జరిగి మందు రక్తనాళం బయటికి లీకైతే చుట్టూ కండ కుళ్ళిపోతుంది, పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణమే పోతుంది. లక్ష్మణఫలంలో ఉండే ఎనోనసిన్ కూడా ల్యాబ్‌లో మెదడు కణాల్ని చంపింది, కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో ఈ పండూ ఆకుల టీ బాగా తీసుకునేవాళ్ళలో పార్కిన్సన్స్ (ఒళ్ళు బిగుసుకుని కదలికలు మందగించే మెదడు జబ్బు) లాంటి జబ్బు కనిపిస్తోందని 1999లోనే డాక్టర్లు రాశారు.

"ప్రయత్నిస్తే పోయేదేముంది" అంటారు చూడండి, పోయేది టైము. అసలు ట్రీట్‌మెంట్ వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యాల్నే నమ్ముకున్నవాళ్ళలో చనిపోయే రిస్క్ రెండున్నర రెట్లు, రొమ్ము కేన్సర్‌లో అయితే ఐదు రెట్ల పైనే అని 2018లో అమెరికా రికార్డులు తిరగేసిన స్టడీలో తేలింది.

ఇదంతా అక్కకి ఫోన్‌లో చెప్పా. "అయితే నాకెక్కిస్తున్నదీ చెట్టు మందేనా" అంది. అవునక్కా, కాకపోతే నీకెంత డోసు ఇవ్వాలో తెలిసిన చెట్టు మందు అన్నా. గురువారం కీమో సైకిల్‌కి నేనే తీసుకెళ్తున్నా.