హెచ్-1బి తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

2023 మార్చిలో అమెరికా హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీకి 7,58,994 అర్హమైన రిజిస్ట్రేషన్లు వచ్చాయి. వాటిలో 4,08,891 ఒకే మనిషి పేరిట ఒకటికి మించి దాఖలైనవి. నిజంగానే రెండు కంపెనీలు పిలిచినవారు అందులో లేకపోలేదు. కానీ నాలుగు లక్షల అంకెను వారితోనే నింపలేం. ఒకే కుర్రాడికి మూడు నాలుగు కన్సల్టెన్సీలు తలా ఒక ఉద్యోగం చూపించి, తలా ఒక చీటీ వేసేవి. అప్పట్లో చీటీ ఖరీదు పది డాలర్లు. ఏది తగిలితే అందులో చేరడం, తక్కినవాటి సంగతి అక్కడితో మరిచిపోవడం. మరుసటి ఏడాది ఈ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఒకే ఒక్క నియమం మార్చింది. ఎన్ని కంపెనీలు పేరు పంపినా పాస్‌పోర్టు ఒకటే కనుక చీటీ కూడా ఒకటేనంది. 2024 మార్చిలో ఇలా ఒకే మనిషి పేరిట ఒకటికి మించి పడిన రిజిస్ట్రేషన్ల లెక్క 47,314కు దిగింది. విచిత్రమేమిటంటే పోటీపడిన మనుషుల సంఖ్య దాదాపు కదల్లేదు. ముందు ఏడాది సుమారు 4,46,000, ఆ ఏడాది సుమారు 4,42,000. మనుషులు అలాగే ఉన్నారు, చీటీలు మాయమయ్యాయి.

హెచ్-1బి సంస్కరణల మీద ఇరవై ఏళ్లుగా సాగుతున్న రచ్చలో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే అనిపిస్తుంది. మోసం చేస్తే ఏమీ మిగలదని తేలగానే మోసగాడు దుకాణం కట్టేశాడు. ఆ తర్వాత వాషింగ్టన్ ఈ పాఠాన్ని పక్కన పెట్టి, తలుపు దగ్గర రుసుము పెంచే పనిలో పడింది. అసలు గిట్టుబాటు ఎక్కడుందో చూడకుండా రుసుము ఎంత పెంచినా అది చివరకు ఉద్యోగి నెత్తినే పడుతుంది.

1990 నాటి వలస చట్టంతో పుట్టిన ఈ వీసాకు ఏటా 65,000 పరిమితి. డాట్‌కామ్ రోజుల్లో దాన్ని పెంచుకుంటూ పోయి 1,95,000 దాకా తీసుకెళ్లారు. 2004 ఆర్థిక సంవత్సరం నుంచి మళ్లీ పాత అంకెకు దించి, ఆపైన అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి 20,000 విడిగా కేటాయించారు. పరిమితి ఎంత ఉండాలన్నది వేరే చర్చ. వీసా వచ్చాక ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒక మామూలు ప్రాజెక్టు సంగతి చూద్దాం. అసలు పని ఒక బ్యాంకుది. ఆ బ్యాంకు గంటకు 90 డాలర్లు చెల్లిస్తుంది అనుకుందాం. ఆ డబ్బు మొదట బ్యాంకుతో నేరుగా ఒప్పందం ఉన్న మధ్యవర్తి, అంటే ప్రైమ్ వెండర్ దగ్గరకు, అక్కడి నుంచి మధ్యలో ఉన్న ఇంకో వెండర్ దగ్గరకు, చివరకు వీసా స్పాన్సర్ చేసిన కన్సల్టెన్సీ దగ్గరకు వస్తుంది. కోడ్ రాసే మనిషి చేతికి గంటకు 50 డాలర్లు ముడుతుంది. ఏడాదికి 2,080 పని గంటలు అనుకుంటే బ్యాంకు కట్టింది 1,87,200 డాలర్లు, ఉద్యోగికి అందింది 1,04,000. మధ్యలోని 83,200 డాలర్లలో పన్నులు, బీమా పోను మిగిలేది ఈ మధ్యవర్తుల లాభం. వ్యాపారంలో కమిషన్ నేరమేమీ కాదు. అయితే ఆ కమిషన్ అంత భద్రంగా ఉండటానికి కారణం కన్సల్టెన్సీ నైపుణ్యం కాదు. ఉద్యోగి వీసా దాని పేరు మీద ఉండటమే.

ప్రాజెక్టు అయిపోయిన మరునాడు ఈ బంధం అసలు రంగు బయటపడుతుంది. పని లేకుండా తర్వాతి ప్రాజెక్టు కోసం ఎదురుచూసే ఈ కాలాన్నే మనవాళ్లు బెంచ్ అంటారు. పని లేని రోజులకూ జీతం ఇవ్వాల్సిందేనని 1998 నాటి చట్టం చెబుతోంది. ఒక్క మినహాయింపు ఉంది: ఉద్యోగి తన సొంత అవసరం కోసం తానే సెలవు అడిగితే ఇవ్వక్కరలేదు. ఆ సందులోంచే దూరతారు. ‘కుటుంబ కారణాల వల్ల ఆరు వారాలు జీతం లేని సెలవు కోరుతున్నాను’ అని ఒక ఈమెయిలు పంపమంటారు. పంపేవాడికి ఏ కుటుంబ కారణమూ ఉండదు. తోటి బెంచ్‌వాళ్లతో కలిసి గెస్ట్‌హౌస్‌లో పరుపు పంచుకుంటూ, పొద్దుటి నుంచి రాత్రి దాకా వెండర్ల ఫోన్లు ఎత్తుతూ ఉంటాడు. మూడేళ్ల అనుభవం ఎనిమిదేళ్లయిన తన రెజ్యూమేను తానే మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఉంటాడు. ఫిర్యాదు చేస్తే ఆ ఈమెయిలే అతడికి ఎదురు సాక్ష్యం.

ఇక జీతం నిర్ణయించే కాగితం. పిటిషన్ వేయడానికి ముందు యజమాని కార్మిక శాఖకు ఎల్‌సీఏ సమర్పించాలి. ఆ ప్రాంతంలో, ఆ పనికి నడుస్తున్న జీతానికి తగ్గకుండా ఇస్తానన్న హామీ పత్రం అది. కార్మిక శాఖ దాన్ని ఏడు పనిదినాల్లో తేల్చాలి. ఖాళీలు నింపారా, కంటికి కనిపించే తప్పులున్నాయా అని మాత్రమే చూడాలి. హామీ నిజమా అని ఆ దశలో అడగడానికి చట్టం చోటివ్వలేదు. పైగా ‘నడుస్తున్న జీతం’ అన్న మాటలోనే తిరకాసు ఉంది. నాలుగు లెవెళ్లలో మొదటిది 17వ పర్సంటైల్ దగ్గర, రెండోది 34వ పర్సంటైల్ దగ్గర ఉంటాయి. అంటే ఆ పని చేసే వందమందిని జీతం ప్రకారం వరుసలో నిలబెడితే కింది నుంచి పదిహేడో మనిషి, ముప్పై నాలుగో మనిషి. 2019 ఆర్థిక సంవత్సరంలో కార్మిక శాఖ ధ్రువీకరించిన హెచ్-1బి ఉద్యోగాల్లో దాదాపు 60 శాతం ఈ రెండు లెవెళ్లవే. ‘అరుదైన నైపుణ్యం’ అని చెప్పి తెప్పించుకున్న మనిషికి నడిమి జీతం కూడా కట్టకపోవడం ఇక్కడ మోసం కిందికి రాదు, నిబంధన ప్రకారమే జరుగుతోంది.

చట్టబద్ధమైన ఈ సందుల్లో నాకు బాగా కోపం తెప్పించేది 60,000 డాలర్ల గీత. సిబ్బందిలో 15 శాతమో అంతకన్నా ఎక్కువో హెచ్-1బి వారే ఉన్న పెద్ద కంపెనీలు అమెరికన్లను తొలగించి ఆ స్థానంలో వీరిని పెట్టబోమని, ముందు స్థానికుల కోసం వెతికామని అదనంగా హామీ ఇవ్వాలి. అయితే ఉద్యోగి జీతం కనీసం 60,000 డాలర్లు ఉన్నా, లేదా అతడికి మాస్టర్స్ ఉన్నా ఆ హామీ అక్కరలేదు. ఈ అంకె పెట్టింది 1998లో. అప్పటి నుంచి ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. గీత మాత్రం అంగుళం కదల్లేదు. ఈనాటి సాఫ్ట్‌వేర్ జీతాల్లో ఈ గీత దాటనివారిని వెతకడమే కష్టం. 2015లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డిస్నీ సుమారు 250 మంది సాంకేతిక ఉద్యోగులను తొలగించింది. తమ స్థానంలోకి వచ్చిన అవుట్‌సోర్సింగ్ కంపెనీల సిబ్బందికి తామే పని నేర్పి వెళ్లాల్సి వచ్చిందని వారిలో కొందరు బయటికి వచ్చి చెప్పారు. కోర్టుకు వెళ్లారు, 2016లో ఆ కేసులు కొట్టివేతకు గురయ్యాయి. ఆ ఉద్యోగుల కోపాన్ని జాత్యహంకారం అని కొట్టిపారేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను అలా అనలేను. వాళ్ల జీవనాధారం పోయింది, చట్టం వాళ్లకు అక్కరకు రాలేదు.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారాంశం. మన ఊళ్లలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. సెలవుకు వచ్చినవారు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని వివరణ వచ్చేసరికి విమాన టికెట్ల ధరలు అమాంతం పెరిగాయి. తర్వాత అక్టోబరులో ఇంకో స్పష్టత ఇచ్చారు. అమెరికాలోనే ఉండి, విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారేవారికీ ఈ రుసుము లేదు.

ఇప్పుడు మోసాల కోణంలో చూడండి. విదేశం నుంచి నేరుగా ఒక వైద్యుడినో పరిశోధకుడినో తెప్పించుకోవాలనుకునే ఆసుపత్రికి, విశ్వవిద్యాలయానికి లక్ష డాలర్ల గోడ. మాస్టర్స్ ముగించి, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉంటూ, గడువు దగ్గర పడుతుంటే ఏ కన్సల్టెన్సీ కాగితం ఇచ్చినా పుచ్చుకునే స్థితిలో ఉన్న కుర్రాళ్ల గుంపు మాత్రం గోడకు లోపలివైపే ఉంది. బెంచ్ నడిపేవాడి ముడిసరుకు అదే. అంటే రుసుము మోసగాడిని ముట్టుకోకుండానే పోయింది.

జీతం లెవెల్‌ను బట్టి లాటరీలో అవకాశాలు పెంచే పద్ధతి దీనికన్నా నయం. నాలుగో లెవెల్‌వారి పేరు నాలుగుసార్లు, మొదటి లెవెల్‌వారి పేరు ఒకసారి తొట్టిలో పడుతుంది. సూత్రం మంచిదే, చౌక కూలీ కోసం వచ్చేవాడి వాటా తగ్గుతుంది. కానీ లెవెల్ అంటే డాలర్లు కావు. ఆ వృత్తిలో, ఆ ఊళ్లో ఆ జీతం ఎక్కడ నిలుస్తుందన్న లెక్క మాత్రమే. తక్కువ జీతాల వృత్తిలో నాలుగో లెవెల్, సిలికాన్ వ్యాలీలో రెండో లెవెల్ కంటే డాలర్లలో తక్కువ ఉండొచ్చు. కాగితం మీద పెద్ద లెవెల్ రాసి, లోపాయికారీగా కొంత వెనక్కి తీసుకునే విద్య మన కన్సల్టెన్సీలకు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. రాసిన జీతం నిజంగా చేరిందా అన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షకు కావాల్సిన కాగితాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. హామీ ఇచ్చిన జీతం ఎల్‌సీఏలో ఉంటుంది. చెల్లించిన జీతం ఏటా జనవరి చివరికల్లా యజమాని పంపే డబ్ల్యూ-2 అనే పన్ను పత్రంలో ఉంటుంది. ప్రతి ఉద్యోగికీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ‘కుటుంబ కారణాల’ సెలవులన్నీ ఒక్కసారిగా పైకి తేలతాయి. ఒకే కంపెనీలో ఇరవై మంది ఒకే నెలలో కుటుంబ కారణాలతో సెలవు పెట్టారంటే గుమాస్తాకు కూడా అనుమానం వస్తుంది. 2008లో యూఎస్‌సీఐఎస్ 246 పిటిషన్లను నమూనాగా తీసుకుని పరిశీలిస్తే 51 కేసుల్లో మోసమో, ఉల్లంఘనో కనిపించింది. ప్రతి అయిదింటిలో ఒకటి. కార్మిక శాఖ మాత్రం ప్రధానంగా ఫిర్యాదు వస్తేనే కదిలే పద్ధతిలో బతుకుతూ వచ్చింది. మంత్రి స్వయంగా ఆదేశించి దర్యాప్తు చేయించే అధికారాన్ని 2025లో ‘ప్రాజెక్ట్ ఫైర్‌వాల్’ పేరిట బయటికి తీశారు. ఆలస్యమైనా ఆహ్వానించాలి. అయితే దాడులతో ఎన్ని కంపెనీలను చూడగలరు?

ఉద్యోగి నోరు విప్పితే చూడక్కరలేదు. అతడు ఎందుకు విప్పడో తెలియనిది కాదు. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయుల క్యూ దశాబ్దాలకు సాగింది. ఆ క్యూలో ఉన్నంతకాలం యజమాని దయ కావాలి. ప్రతీకారం తీర్చుకోరాదని చట్టంలో ఉంది, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చనీ ఉంది. కానీ ఇల్లు, కారు వాయిదాలు, అమెరికా బడిలో చదివే పిల్లలు ఉన్నవాడు అరవై రోజుల భరోసాతో యజమాని మీద ఫిర్యాదు రాయడు. అమెరికన్ ఉద్యోగి కంటే ఇతడిని యజమాని ఇష్టపడటానికి చౌక ఒక కారణమైతే, వదిలి వెళ్లలేకపోవడం ఇంకో కారణం. రెండోదాన్ని తీసేస్తే మొదటిది కూడా ఎక్కువకాలం నిలవదు. డిస్నీలో రోడ్డున పడ్డవాడి మేలూ, బెంచ్ మీద కూర్చున్నవాడి మేలూ ఇక్కడ ఒకటే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన రాజకీయానికి ఇది రుచించదు.

మన వంతు తప్పు కూడా చెప్పుకోవాలి. చాలాసార్లు ఆ కన్సల్టెన్సీ యజమాని మనవాడే, బెంచ్ మీదివాడూ మనవాడే. దొంగ అనుభవం, ఇంకొకరి గొంతుతో ఇంటర్వ్యూ అనేవి మోసపోయినవాడినే మోసంలో భాగస్వామిని చేస్తాయి. నోరు మూయించడానికి యజమానికి ఇంతకన్నా మంచి తాళం దొరకదు. 2011లో కాలిఫోర్నియాలో వీసా మోసంలో పట్టుబడిన ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం ఉదంతంలో మన విద్యార్థుల కాళ్లకు నిఘా పట్టీలు వేశారు. 2019లో మిషిగన్‌లో అధికారులే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయంలో మళ్లీ మనవాళ్లే పెద్ద సంఖ్యలో చిక్కారు. ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది తక్కువ.

ఆస్ట్రేలియా ఈ చిక్కుముడిని వేరే కొసనుంచి విప్పడం మొదలుపెట్టింది. స్పాన్సర్‌ను వదిలిన నైపుణ్య ఉద్యోగికి కొత్తవారిని వెతుక్కోవడానికి ఇచ్చే 60 రోజుల గడువును 2024 జులై 1 నుంచి 180 రోజులు చేసింది. ఈలోగా వేరేచోట పనిచేసుకోవచ్చు కూడా. 2013 నుంచి 53,900 ఆస్ట్రేలియన్ డాలర్ల దగ్గర ఆగిపోయిన కనీస జీతం గీతను 2023లో 70,000కు జరిపింది. కెనడా 2019 నుంచే, యజమాని చేతిలో వేధింపులకు గురవుతున్నట్టు చూపిన తాత్కాలిక ఉద్యోగికి ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకునే అనుమతి ఇస్తోంది.

60,000 డాలర్ల గీతను, 7 శాతం పరిమితిని కదపాలంటే అమెరికా కాంగ్రెస్ కావాలి. ఆ సభలు ఈ విషయంలో ఎంత వేగంగా కదులుతాయో హెచ్-1బి దుర్వినియోగాన్ని అరికట్టాలంటూ 2007 నుంచి మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతున్న గ్రాస్లీ-డర్బిన్ బిల్లును అడిగితే చెబుతుంది. కానీ 60 రోజుల గడువు కాంగ్రెస్ చేసింది కాదు. 2017 జనవరిలో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తెచ్చిన నిబంధన అది. లాటరీ చీటీల లెక్క మార్చిన యూఎస్‌సీఐఎస్ కూడా ఆ శాఖ కిందిదే. అప్పుడు నిబంధన రాసిన కలంతోనే అరవైని నూట ఎనభై చేయవచ్చు.