ఇన్‌స్పెక్టర్‌ని మనమే వెతుక్కుందాం

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు మనవాళ్లు ఎవరు ఇల్లు చూస్తున్నా మొదట వచ్చే మాట ఫేసింగ్. తూర్పు ముఖమేనా, ఈశాన్యం తగ్గిందా, పొయ్యి ఆగ్నేయంలో పడిందా? ప్లాను వాట్సాప్‌లో ఊళ్లో ఉన్న సిద్ధాంతిగారికి వెళ్తుంది. ఆయన సరే అన్నాకే సంతకం. ఈ శ్రద్ధ నాకు ఇష్టం, మా ఇంటికి నేనూ చూపించుకున్నాను. నా బాధల్లా ఒక్కటే. అదే ఇంటి పునాది, పైకప్పు, కరెంటు ప్యానెల్ కొనేముందు మన తరఫున చూసిపెట్టే మనిషి, అంటే హోమ్ ఇన్‌స్పెక్టర్, దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ ఏమైపోతోంది? ఏజెంటు మూడు పేర్లు పంపిస్తే మొదటి నంబరుకి ఫోన్ చేసేస్తున్నాం.

2014లో నేను చేసిందీ అదే. వచ్చినాయన గంటన్నరలో పని ముగించాడు. రిపోర్టులో గడుల నిండా టిక్కులు, అక్కడక్కడా ఒక ముక్క రాత. నాలుగో ఏడు వేసవిలో భోజనాల గది బయట ఇటుక గోడ మీద మెట్లు మెట్లుగా బీట తీసింది. లోపల తలుపు ఫ్రేములో ఇరుక్కుపోయి మూసుకోవడం మానేసింది. పాత రిపోర్టు తీసి చూస్తే ఫౌండేషన్ దగ్గర ఉన్నది ఒకే వాక్యం: చూసిన రోజున పనిచేస్తున్నట్లే ఉంది.

ఇక్కడి నేల మనకి కొత్తది కాదు. పల్నాడులో పుట్టినవాణ్ణి, నల్లరేగడి అంటే ఏమిటో నాకు తెలుసు. ఎండాకాలం పాదం దిగబడేంత నెర్రెలు, నాలుగు వానలు పడితే ఉబ్బి జిగట. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ సరిగ్గా ఆ జాతి నేలే. మా ఊళ్లో పునాది గోతుల్లో ఇసుక పోసి, నీళ్లు పట్టించి మరీ కట్టేవాళ్లు. ఇక్కడ ఇల్లంతా ఒకే కాంక్రీటు పలక మీద కూర్చుంటుంది. మన దగ్గర స్లాబ్ అంటే నెత్తిమీదది, వీళ్లకి అది కాళ్లకింద ఉండేది. కింద మట్టి ఒక పక్క ఎండి, ఇంకో పక్క తడిసి ఉంటే ఆ పలక వంగుతుంది. అందుకే ఈ ప్రాంతంలో ఇన్‌స్పెక్టర్‌ని నేను మొదట అడిగేది, ‘ఫౌండేషన్ ఎలా చూస్తారు?’ అని. గది గదికీ ఎత్తు కొలిచి, ఆ అంకెలు రిపోర్టులో రాసి ఇస్తాననేవాడు కావాలి. అంకెలుంటే రెండేళ్ల తర్వాత మళ్లీ కొలిపించి, ఎంత కదిలిందో తెలుసుకోవచ్చు.

ఏజెంట్లందరినీ తప్పుబట్టడం లేదు. కానీ ఏజెంటుకి కమీషన్ ముట్టేది ఇల్లు చేతులు మారితేనే. ఇన్‌స్పెక్టర్‌కి వచ్చే నెల పని దొరికేది ఆ ఏజెంటు వల్లనే. ఏజెంటుకి డబ్బిచ్చి అలాంటి జాబితాలో చేరడం టెక్సస్ నిబంధనల ప్రకారం కుదరదు. మొహమాటాన్ని ఏ నిబంధన ఆపుతుంది? ‘పెద్దగా ఏమీ లేదులెండి’ అన్న ఒక్క మాట చాలు, మనం బేరం ఆడటం మానేయడానికి.

రెండో ఇంటికి, 2019లో, నేనే వెతుక్కున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చిన మనిషి ఒంటిగంటకి గానీ కదల్లేదు. మేడమీద బాత్‌టబ్ నిండా చన్నీళ్లు పట్టాడు. పైనున్న ఓవర్‌ఫ్లో రంధ్రంలోకి పొర్లేదాకా ఆగి, బిరడా లాగి, నన్ను కిందికి రమ్మన్నాడు. ఇద్దరం వంటగది పక్కన నిలబడి సీలింగ్ వైపు చూస్తున్నాం. నా కంటికి తెల్లగా, శుభ్రంగా ఉంది. వేడి, చల్లదనం తేడాని రంగుల్లో చూపించే థర్మల్ కెమెరా ఆయన చేతిలో ఉంది, అందులో ఒక నీలం చుక్క పుట్టింది. చూస్తుండగానే అరచేయంత అయింది, ఆపైన పళ్లెమంత. ‘ఓవర్‌ఫ్లో దగ్గర రబ్బరు పోయింది, చిన్న పనే. ఎన్నాళ్లుగా కారుతోందో మాత్రం సీలింగ్ కోస్తేగానీ తెలియదు’ అన్నాడు. ఆ రిపేరు అమ్మేవాళ్లే చేయించి ఇచ్చారు. నేను అక్కడ లేకపోతే అది నలభై పేజీల రిపోర్టులో ఒక లైనుగా మిగిలేది. సెలవు పెట్టయినా సరే, ఆ పూట ఇంట్లో ఉండండి.

అలాంటి మనిషిని వెతకడానికి ఇల్లు ఖాయమయ్యాక టైం ఉండదు. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్, అంటే ఒప్పందం రాసుకున్నాక కారణం చెప్పకుండా వెనక్కి తగ్గగలిగే గడువు, వారం పది రోజులకి మించి దొరకడం కష్టం, ఆఖరి రోజు సాయంత్రం ఐదు దాటితే హక్కు పోయినట్టే. అందుకని ఇల్లు చూడ్డం మొదలుపెట్టిన వారమే ఇన్‌స్పెక్టర్‌ని చూసుకోండి. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ సైటులో పేరు కొడితే లైసెన్సు, ఏ స్థాయిది, ఏమైనా చర్యలు తీసుకున్నారా అన్నీ కనిపిస్తాయి. అప్రెంటిస్, ప్రొఫెషనల్ ఒకటి కాదు. ఆ తర్వాత పాత రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి పంపమనండి. రాష్ట్రమంతటా ఫారం ఒకటే కాబట్టి రాసిన చేతిలో తేడా ఇట్టే తెలిసిపోతుంది. అటక ఎక్కుతారా, రోజుకి ఎన్ని ఇళ్లు చూస్తారు అని కూడా అడగండి. మూడిళ్లు అంటే నేనైతే వద్దంటాను. కాలిఫోర్నియా, జార్జియాల్లో ఉన్నవాళ్లకి ఈ పని ఇంకా బరువు, అక్కడ ఇన్‌స్పెక్టర్లకి రాష్ట్ర లైసెన్సే లేదు. న్యూజెర్సీలో లైసెన్సు ఉంది గానీ రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. గాలిలో అది లీటరుకి 4 పికోక్యూరీలు గానీ అంతకు మించి గానీ ఉంటే సరిచేయించమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది.

‘అన్నా, కొత్త ఇల్లే కదా, సిటీవాళ్లు చూస్తారుగా’ అంటాడు మా ఆఫీసు కుర్రాడు. సిటీ ఇన్‌స్పెక్టర్ కట్టడాల నిబంధనలు, అంటే కోడ్, చూసి వెళ్తాడు, మీ తరఫున గంటలు గంటలు నిలబడడు. కాంక్రీటు పోసేముందు ఒకసారి, గోడలు మూసేముందు ఒకసారి, తాళాలు తీసుకునేముందు ఒకసారి మన మనిషి చూడాలి. నన్నడిగితే గోడలు మూసేముందుది ముఖ్యం. పైపు కోసం సగానికి కోసేసిన దూలం, గోడ మూసే షీట్‌రాక్ పలక పడ్డాక ఎవరికి కనపడుతుంది? బిల్డర్లు పనితనానికి సాధారణంగా ఇచ్చే వారంటీ ఏడాదే కాబట్టి పదకొండో నెలలో ఇంకోసారి చూపించుకోవాలి.

అమ్మేవాళ్లు ముందుగా చూపించుకోవడానికి జంకుతారు. ఇంటి లోపాలు కొనేవాళ్లకి తెలిపే ఇక్కడి డిస్‌క్లోజర్ ఫారాల్లో గత నాలుగేళ్ల రిపోర్టులు అడుగుతారని భయం. నేను చూపించుకున్నాను, ఉన్నవి బాగు చేయించి బిల్లులతో సహా ఇచ్చాను. కొన్నవాళ్లు బేరమే ఎత్తలేదు.

మన సంఘం ప్రతి ఏడూ పెట్టే ఇళ్ల సెమినార్‌లో వేదిక మీద ఏజెంట్లు, లోన్ ఆఫీసర్లే ఉంటున్నారు. ఈసారి ఒక ఇన్‌స్పెక్టర్‌ని కూర్చోబెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను, స్పాన్సర్‌గా కాదు, డబ్బు తీసుకోకుండా. నా 2014 రిపోర్టు, 2019 రిపోర్టు రెండూ పట్టుకొస్తాను. బల్ల మీద పక్కపక్కన పెడదాం, వచ్చినవాళ్లు తిరగేసి చూసుకోవచ్చు.