గోడ లోపల ఏముందో తెలిసినవాళ్లు

"పాప ఆర్కిటెక్ట్ కావాలనుకుంది, సీటు రాలేదు. పోనీ ఆ ఆర్కిటెక్చరల్ టెక్నాలజీలో చేర్పిస్తే ఏమైనా ఉంటుందా అన్నయ్యా?" అని మొన్న ఒక మిత్రుడు ఫోన్ చేసి అడిగాడు. ఆ "పోనీ" నా మనసులో ముల్లులా దిగింది. బ్రిటన్‌లో ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని అదే: భవనం నీటినీ, చలినీ, మంటనీ తట్టుకునేలా ఏ ముక్క ఎక్కడ ఎలా అమరాలో తేల్చి గీయడం. మన ఇళ్లలో ఈ వృత్తి మాట వచ్చినప్పుడల్లా ముందు ఆ "పోనీ" వస్తుంది, లేకపోతే "అంటే డ్రాఫ్ట్స్‌మనా?" అన్న ప్రశ్న వస్తుంది.

గీయడం ఇందులో ఉంది, నిజమే. కానీ ఏం గీస్తామన్నదే అసలు విషయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటి కిటికీకి నేను డిటైల్, అంటే ముక్కలు ఎలా అమరాలో దగ్గరగా చూపే డ్రాయింగ్, గీశాను. ఇక్కడి గోడలు చాలావరకు రెండు పొరలు. బయట ఇటుక, లోపల బ్లాక్, మధ్యలో ఖాళీ. వాన జోరుగా కొడితే బయటి ఇటుక తడిసి, దాని లోపలి వైపు నుంచి నీళ్లు కారతాయి. అందుకే కిటికీ పైన, లింటెల్ మీద, ఆ ఖాళీలో బయటికి వాలుగా ఒక పొర పరుస్తారు. దాన్ని కావిటీ ట్రే అంటారు. నీళ్లు దాని మీద పడి, ఇటుకల మధ్య వదిలిన సన్నని సందుల్లోంచి బయటికి పోవాలి. గోడను నిలువుగా కోసినట్టు చూపే నా సెక్షన్ డ్రాయింగ్‌లో అదంతా ఉంది, వాలు కూడా సరిగ్గా ఉంది. మొదటి చలికాలం గడిచేసరికి కిటికీ పక్కన, పై మూలలో, అరచేయంత తడి మరక తేలింది.

ఇటుకలు విప్పి చూశాం. ట్రే వాలు బాగానే ఉంది, కానీ రెండు చివర్లూ తెరిచే ఉన్నాయి. నీళ్లు ముందుకు రావాల్సింది పక్కకు జారి గోడలో పడుతున్నాయి. "సెక్షన్ చూస్తే అంతా సరిగ్గానే ఉందండీ. ట్రే చివర ఏమవుతుందో ఎక్కడ గీశారు?" అని సైట్ సూపర్‌వైజర్ మెల్లగా అడిగాడు. ఎక్కడా గీయలేదు. నీళ్లు పక్కకు జారకుండా చివర్లో పెట్టాల్సిన చిన్న అడ్డు, స్టాప్ ఎండ్, నా డ్రాయింగ్‌లో లేదు కాబట్టి గోడలోనూ లేదు. ఆ రోజు నుంచి ఏ గీత గీసినా నేనే నీటిచుక్కనై ఆ గోడలో దిగుతున్నట్టు ఊహించుకుంటాను. ఈ వృత్తి మొత్తం ఆ ఊహలోనే ఉంది.

సివిల్ ఇంజనీరింగ్ చదివి ఇక్కడికి వచ్చి, ఉద్యోగం దొరక్క సాఫ్ట్‌వేర్ వైపు మళ్లిన మనవాళ్లు ఎందరో నాకు తెలుసు. వాళ్లకు కాంక్రీటు తెలుసు, సైటు తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సింది చలి దేశపు గోడ. మన దేశంలో ఎండనీ పైనుంచి పడే వాననీ చూసుకుంటే చాలావరకు సరిపోయేది. ఇక్కడ తడి ఇంటి లోపలి నుంచీ పుడుతుంది. గది 20 డిగ్రీల వెచ్చదనంలో, గాలిలో తేమ 60 శాతం ఉంటే, ఆ గాలి దాదాపు 12 డిగ్రీల చల్లదనం తగిలిన చోటల్లా నీరు వదులుతుంది. చలి లోపలికి రాకుండా గోడలో పెట్టే ఇన్సులేషన్ ఒక్క మూల తెగితే చాలు, ఆ మూలనే బూజు పడుతుంది. భవనాల డ్రాయింగులు చేసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వచ్చేస్తుందని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. రెవిట్ గోడ గీసిపెడుతుంది. ఆ గోడలో తేమ ఎటు పోతుందో ఆలోచించాల్సింది మనిషే.

ఇక ప్రాణాల మాట. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, కిటికీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి ఊడిపోవడంతో భవనానికి బయట తొడిగిన క్లాడింగ్‌లోకి పాకి ఉండే అవకాశమే ఎక్కువని విచారణ తేల్చింది. పాలిథిలిన్ నింపిన ప్యానెళ్లు ఆ మంటను పైకి మోసుకుపోయాయి. ఒక కిటికీ అంచు, ఒక సందు, ఒక ప్యానెల్. నేను రోజూ 1:5 స్కేలులో గీసేవి ఇవే. ఆ నివేదిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. డిజైన్ చేసేవారి సామర్థ్యాన్ని ఇప్పుడు చట్టమే అడుగుతోంది. తగిన అనుభవం ఉన్న చార్టర్డ్ టెక్నాలజిస్టు, అంటే మా వృత్తి సంఘం పరీక్షించి గుర్తించిన వ్యక్తి, డిజైన్ నిబంధనల ప్రకారం ఉండేలా చూసే ప్రిన్సిపల్ డిజైనర్ బాధ్యత కూడా తీసుకోవచ్చు.

హోదా గురించి బెంగపడే తల్లిదండ్రులకు రెండు మాటలు. ఈ వృత్తికి 1965లోనే సొంత సంఘం ఏర్పడింది, 2005లో దానికి రాయల్ చార్టర్, అంటే రాజముద్రతో అధికారిక గుర్తింపు, దక్కింది. ఇవాళ్టి చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్చరల్ టెక్నాలజిస్ట్స్ అదే. బ్రిటన్‌లో 1997 నాటి చట్టం ఆర్కిటెక్ట్ అనే పేరును కాపాడుతుంది, రిజిస్టర్‌లో లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. అయితే భవనాన్ని డిజైన్ చేసే పనిని అది ఎవరికీ నిషేధించదు. చార్టర్డ్ టెక్నాలజిస్టు సొంతంగా ప్రాక్టీస్ పెట్టి, ప్రాజెక్టును మొదటి నుంచి చివరి దాకా నడపవచ్చు. ఆ అర్హత కోసం డిగ్రీ తర్వాత పని అనుభవం చూపించి, మదింపు, ఇంటర్వ్యూ దాటాలి. ఆర్కిటెక్ట్ కావడానికి సాధారణంగా పట్టే ఏడేళ్ల కంటే ఈ దారి మొదట్లో పొట్టిగా కనిపిస్తుంది, కానీ నేర్చుకోవడం ఏళ్ల తరబడి సైటు బురదలోనే సాగుతుంది. అందమైన రూపాలు ఊహించడమే ఇష్టమైన పిల్లలను మాత్రం ఇటు తోయకండి, వాళ్లు ఇక్కడ నలిగిపోతారు. బొమ్మ విప్పి లోపల ఏముందో చూసే పిల్లలు, "ఇది ఎందుకు కారుతోంది?" అని అడిగే పిల్లలు ఉంటారే, వాళ్లు మా వాళ్లు.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఏటా పిల్లలకు కెరీర్ సమావేశం పెడుతుంది. డాక్టర్లకు, ఐటీ వాళ్లకు, అకౌంటెంట్లకు బల్లలుంటాయి. ఈసారి నిర్వాహకులు మాకూ ఒక బల్ల కేటాయించాలని కోరుతున్నాను. ఫోన్ చేసిన ఆ మిత్రుడికి కూడా పాపను తీసుకురమ్మని చెప్పాను. నేను ఒక ఇటుక, ఒక కావిటీ ట్రే ముక్క, ఒక మగ్గుతో నీళ్లు తెస్తాను. స్టాప్ ఎండ్ లేకుండా నీళ్లు ఎటు జారతాయో పాప చేతే పోయించి చూపిస్తాను.