అఖండ ట్రాకుకు జేజేలు

రాత్రంతా సాగిన మల్లన్న ఒగ్గుకథను రికార్డు చేసి, మూడు గంటల పది నిమిషాలూ ఒకే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో వేసి, "అన్నా, గిది వంద సీడీలు కొట్టియ్యి" అని హన్మకొండ చౌరస్తాలో అప్పజెప్పి పోయే పెద్దమనుషులను బద్ధకస్తులని కొందరు ఆడిపోసుకుంటారు. అది అన్యాయం. వారిది ఒక సిద్ధాంతం. అఖండ దీపం ఉంది, అఖండ భజన ఉంది, అఖండ ట్రాకు మాత్రం ఏం పాపం చేసింది?

ఆ సిద్ధాంతం గొప్పతనం సీడీని ప్లేయర్‌లో పెట్టాకే తెలుస్తుంది. కాజీపేటలో కదిలితే బల్లార్షా దాకా ఎక్కడా ఆగని రైలు అది. కథలో మల్లన్నతో మేడలమ్మ పెండ్లి, దారిలో వచ్చే జమ్మికుంట దగ్గర ఉందనుకుందాం. అక్కడ దిగాలనుకున్నవాడు ఫార్వర్డు బటను నొక్కిపట్టి పట్టాల వెంబడి నడుచుకుంటూ పోవాలి. వేలు జారి నెక్స్ట్ బటను తగిలితే, తర్వాతి ట్రాకు లేదు కాబట్టి ప్లేయరు ఆగిపోతుంది, లేదా మళ్లీ కాజీపేటకే తెచ్చి దింపుతుంది. మల్లన్న పుట్టుకను ఒక్క రోజులో నాలుగుసార్లు వినే పుణ్యం ఊరికే వస్తుందా? సీ-90 క్యాసెట్టు కూడా 45 నిమిషాలకోసారి సైడు తిప్పమని గుర్తు చేసేది. ఆ మాత్రం అంతరాయం కూడా మనవాళ్లకు గిట్టదు.

అఖండవాదుల లెక్కల శాస్త్రం మరీ లోతైనది. సీడీ మీద 700 ఎంబీ అని రాసి ఉంటుంది. తమ ఎంపీత్రీ 170 ఎంబీలే. కాబట్టి ఒక సీడీలో ఇలాంటి కథలు నాలుగు పట్టాలి, షాపువాడు మూడు సీడీలు అవుతాయంటే అది దోపిడీ. ఆడియో సీడీ ఎంబీలను కాక నిమిషాలను లెక్కపెడుతుందని చెప్పబోతే మర్యాద దక్కదు. ఎంపీత్రీ ఎంత సన్నగా ఉన్నా, సీడీలోకి వెళ్లేటప్పుడు సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దం కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, స్టీరియోగా విప్పుకోవాల్సిందే. నిమిషానికి పది ఎంబీలకు పైనే. 80 నిమిషాలు దాటితే చోటు లేదు. రెడ్ బుక్ అనే ప్రమాణం 1980లోనే ఇదంతా తేల్చింది. ఒక సీడీకి 99 ట్రాకులకు మించి కుదరదని కూడా అందులోనే ఉంది. 1163లోనే వేయిస్తంభాల గుడి కట్టుకున్న ఊరు 99 దగ్గర ఆగడం నామోషీ కాబట్టి, మనవాళ్లు ఒకటి దగ్గరే ఆగారు.

వీరికి ఎదురుగా, కథను ఘట్టాల వారీగా ట్రాకులుగా కోసే ముక్కల వర్గం ఒకటి ఉంది. పనీపాటా లేనివాళ్లు. వీళ్లు ముందు కథంతా వింటారు! 190 నిమిషాల కథ మూడు సీడీలకు ఎలా వస్తుందని గడియారంతో కాక చెవితో చూసి, ఘట్టం ముగిసిన చోట 62, 70, 58 నిమిషాలుగా పంచుకుంటారు. యంత్రానికి వదిలేస్తే 80వ నిమిషంలో ఏ మాట నోట్లో ఉంటే ఆ మాట మీదే కోస్తుంది కదా, మధ్యలో వీళ్ల పెత్తనమేమిటి?

తర్వాత ఆడాసిటీ అనే, రికార్డింగులను కోసి సర్దే సాఫ్ట్‌వేరు తెరుస్తారు. నిశ్శబ్దం ఉన్న చోటల్లా తనే గుర్తు పెట్టే సదుపాయం అందులో ఉంది. పాటల క్యాసెట్టుకు అది పనికొస్తుంది. ఒగ్గుకథలో నిశ్శబ్దం ఎక్కడిది? ఘట్టం మారేటప్పుడు డోలు ఆగదు సరికదా, ఇంకా జోరందుకుంటుంది. ఆగేది ఒక్క చోటే. కథకుడు "అప్పుడు మల్లన్న ఏం జేసిండయ్యా?" అని అడిగి జనం మొహాలు చూసేటప్పుడు. యంత్రం సరిగ్గా అక్కడే కోసి ప్రశ్నను ఐదో ట్రాకులో, జవాబును ఆరో ట్రాకులో పెడుతుంది. అందుకే వీళ్లు చేత్తోనే గుర్తులు పెడతారు. వింటూ పోతూ ఘట్టం మారినప్పుడు కంట్రోల్ ఎం నొక్కితే అక్కడ లేబుల్ పడుతుంది. ఆ తర్వాత తెరను పెద్దది చేసి, డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య, కథకుడి మాట మొదలయ్యే ముందుకు దాన్ని జరుపుతారు. మొదటి లేబుల్ సున్నా దగ్గరే ఉండాలి. లేకపోతే దానికి ముందున్న గణపతి ప్రార్థన ఎక్స్‌పోర్టులో రాకుండా పోతుంది.

ఈ వర్గం ఛాదస్తం ఫ్రేముల దగ్గర పరాకాష్టకు చేరుతుంది. సీడీలో సెకనుకు 75 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 588 శాంపిళ్లు. లేబుల్ సరిగ్గా ఫ్రేము గీత మీద పడకపోతే, ట్రాకు చివర మిగిలిన జాగాను రైటింగ్ సాఫ్ట్‌వేరు సున్నాలతో నింపుతుంది. అది ఎంత చేసినా సెకనులో 75వ వంతే. కానీ డోలు మోగుతుండగా ఆ కాస్త ఖాళీయే టిక్కుమని వినిపిస్తుంది. అందుకని గుర్తును దగ్గరి గీతకు అతికించే స్నాప్ ఆన్ చేసి, సీడీడీఏ (ఆడియో సీడీ) ఫ్రేములు ఎంచుకుని, ఆ తర్వాతే లేబుళ్లు సర్దుతారు.

సౌండు పెంచాలన్నా మొత్తం రికార్డింగుకు ఒకేసారి పెంచుతారు. ట్రాకులుగా కోశాక విడివిడిగా నార్మలైజ్ చేస్తే, అంటే ఒక్కోదాని సౌండును ఒకే ఎత్తుకు లాగితే, ఏడుపు ఘట్టం, యుద్ధ ఘట్టం ఒకే మోతలో వస్తాయి. ట్రాకు మారినప్పుడల్లా డోలు దగ్గరికొస్తుంది, దూరం పోతుంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడిలాగ.

ఎక్స్‌పోర్టులో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుని, లేబుళ్ల ప్రకారం విడగొట్టమని చెబుతారు. 16 బిట్ వేవ్ (కుదించని ఫైలు), 44,100, స్టీరియో. ఫోన్లు, వీడియో కెమెరాలు చాలావరకు 48,000తో రికార్డు చేస్తాయి కాబట్టి అక్కడ ఒక కన్నేస్తారు. ఎంపీత్రీ మాట ఎత్తనివ్వరు. ఆ పద్ధతిలో ప్రతి ఫైలు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది, సాగుతున్న వాయిద్యం అతుకు దగ్గర తడబడుతుంది. పేరుకు ముందు 01, 02 అని అంకె పడేలా పెడతారు. ఉత్త 1, 2 అని పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకటి తర్వాత పదిని, పదకొండును పేర్చి, రెండును ఆ తర్వాత తెస్తాయి. పెండ్లి అయ్యాక పెండ్లిచూపులు.

రైటింగులో, సీడీనంతా ఆగకుండా ఒకే ఊపులో రాసే డిస్క్ ఎట్ వన్స్ తప్ప మరోటి ఒప్పుకోరు, ట్రాకుల మధ్య విరామం సున్నా అంటారు. ట్రాక్ ఎట్ వన్స్‌లో ప్రతి ట్రాకు తర్వాత లేజరు ఆగి, రెండు సెకన్ల ఖాళీ వదులుతుంది. 14 ట్రాకులకు 13 ఖాళీలు, 26 సెకన్ల మౌనం. సంతాప సభకు బాగుంటుంది. ఫైళ్లను డేటా సీడీగా కాక ఆడియో సీడీగానే రాస్తారు, మామూలు ప్లేయర్లు చదివేలా ఫైనలైజ్ చేసి ముగిస్తారు. ప్లేయరు తెర మీద పేర్లు చూపే సీడీ టెక్స్ట్‌లో తెలుగు అక్షరాలకు చోటు లేదు కాబట్టి ట్రాకుల పేర్లు, నిమిషాలు ఒక కాగితం మీద రాసి ఇస్తారు. కాపీలన్నిటికీ మూలమైన మాస్టరు సీడీ మీద స్టిక్కరు అంటించరు, బరువు ఒక పక్కకు పోతే వేగంగా తిరిగేటప్పుడు వణుకుతుందట. ఇదంతా చాలదన్నట్టు, వంద కాపీలకు ఇచ్చే ముందు ఒక పాత ప్లేయరులో మొదటినుంచి చివరిదాకా విని చూస్తారు. మాస్టరులో ఉన్న తప్పు వందసార్లు అచ్చవుతుందని భయం. పిరికివాళ్లు.

అఖండవాదులకు ఇలాంటి భయాలేవీ లేవు. సంక్రాంతికి ఐనవోలు జాతరలో వారి వంద సెట్లూ దుకాణంలో దండలా వేలాడతాయి. కొనడానికొచ్చిన ముసలాయన అడుగుతాడు:

"మేడలమ్మ పెండ్లి ఏ సీడీల ఉన్నది బిడ్డా?"

"పెండ్లి ఒకటో సీడీల ఉంది తాతా. పుస్తె కట్టుడు రెండో దాంట్ల."