ఫోన్‌పేలో పేరు చూసి మేళం మానిపిస్తారా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. మా తమ్ముడి కూతురి పెళ్ళికి చిలకలూరిపేట వైపు నుంచి మేళం మాట్లాడింది నేనే. నిన్న సాయంత్రం అయిదు వేలు అడ్వాన్స్ ఫోన్‌పే చేసి, స్క్రీన్‌షాట్ ఇంటి గ్రూపులో పెట్టాను. అందులో షేక్ అని పేరు కనపడింది. అంతే, పొద్దున్నే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్. "ఏమ్మా, మన పెళ్ళికి వాళ్ళేంటి? మనవాళ్ళెవరూ దొరకలేదా? క్యాన్సిల్ చేసెయ్."

మనవాళ్ళంటే ఎవరన్నయ్యా? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతమంది షేక్‌ల ఇళ్ళల్లో నాదస్వరం తాతల నాటి విద్యో నీకు తెలియదా? దేవుడి కల్యాణానికీ వాళ్ళే, ఊరేగింపుకీ వాళ్ళే. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, ఆ రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. కాశీలో షెహనాయి విద్వాంసులు బిస్మిల్లా ఖాన్ గారు గంగ ఒడ్డున బాలాజీ గుడిలో కూర్చుని సాధన చేసేవారు. ఐదు పూటలా నమాజూ మానలేదు, గుడినీ వదల్లేదు. ఆ దేవుళ్ళకు లేని పట్టింపు మా అన్నయ్యకు వచ్చింది.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఇదే అన్నయ్య కొడుక్కి ఉద్యోగం రావాలని నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళాడు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ముక్కూమొహం తెలియని ఒకావిడ చేతి నుంచి ఉద్యోగం రొట్టె కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. ఉద్యోగం వచ్చాక మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి రొట్టె ఇచ్చొచ్చాడు కూడా. అప్పుడు వాళ్ళూ మనవాళ్ళూ అన్న తేడా రాలేదే! మన అవసరానికి దర్గా కావాలి, వాళ్ళ అన్నానికి మన పెళ్ళి పనికిరాదా?

ఇది మన నేల మీద కొత్తగా ఎవరో నేర్పిన సంగతి కాదు. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్ళి చూడండి, ఆ స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు అంటూ ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. ఒక్క ముస్లిం ఇల్లు లేని పల్లెల్లో కూడా మొహర్రానికి పీర్లను లేపేది మనమే. మా పక్కింటి ఆంటీ దగ్గరున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఆవిడ ఏసయ్యను పాడుకునేది మన రాగాల్లోనే.

నా కోపం ఈ ఒక్క ఫోన్ వల్ల కాదు. 1996లో నా పెళ్ళి. తెల్లవారుజామున ముహూర్తం. నాదస్వరం వాయించిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. చలికి సన్నాయి పీక బిగుసుకుపోతుంటే మాటిమాటికీ నోట తడుపుకుంటూ, కళ్ళు మూసుకుని త్యాగయ్య కీర్తన వాయించాడు. డోలు ఆయన వేళ్ళకు తొడుగులు సరిచేసుకుంటూ ఆయన మొహం వంకే చూస్తున్నాడు. పీటల మీద కూర్చున్న నాకు మంత్రాలు ఒక్కటీ గుర్తులేవు, ఆ సన్నాయి మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ పెద్దాయనకు అన్నం ఎప్పుడు పెట్టారో తెలుసా? అందరూ తిని చేతులు కడుక్కున్నాక. పులిహోర అయిపోయింది, పూర్ణాలు అయిపోయాయి. అరుగు మీద, చెప్పుల పక్కన ఆకు వేసి మజ్జిగన్నం పెట్టారు. నేను పెళ్ళిచీరలో కిటికీలోంచి చూశాను. "తల్లీ, చల్లగా ఉండు" అని అక్కణ్ణుంచే చెయ్యెత్తి దీవించాడు. మా నాన్నగారు చూసీ తల తిప్పేసుకున్నారు. ఆ రోజు వడ్డన అజమాయిషీ ఎవరిదనుకున్నారు? ఈ అన్నయ్యదే. ముప్పై ఏళ్ళు కావస్తోంది, ఆ ఆకు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. అప్పుడు కొత్త పెళ్ళికూతుర్ని, నోరు లేదు. ఇప్పుడుంది.

తమ్ముడితో మాట్లాడాను. "అక్కా, నువ్వు మాట్లాడిన మేళమే, మార్చొద్దు" అన్నాడు. మిగతా డబ్బు కూడా ఇప్పుడే పంపేశాను, ఆ స్క్రీన్‌షాట్ కూడా గ్రూపులో పెట్టాను. అన్నయ్యా, నువ్వు వస్తే సంతోషం. మేళం వాళ్ళు మొదటి పంక్తిలో కూర్చుంటారు. పూర్ణాలు నేనే వడ్డిస్తాను.