నవాజ్ షరీఫ్: ఓనర్ అవుదామనుకున్న ప్రధాని

నవాజ్ షరీఫ్ మూడుసార్లు పాకిస్తాన్ ప్రధాని అయ్యాడు, మూడుసార్లూ టర్మ్ పూర్తి కాకుండానే దిగిపోయాడు. మొదటిసారి ప్రెసిడెంట్ దింపాడు, రెండోసారి ఆర్మీ, మూడోసారి సుప్రీంకోర్టు. మన దగ్గర ఈయన గురించి రెండే మాటలు వినిపిస్తాయి. పాపం ఇండియాతో మంచిగా ఉందామనుకున్నాడు, ఆర్మీ ఉండనివ్వలేదు అనేది ఒకటి. అక్కడ అందరూ ఒక తానులో గుడ్డలే, ఈయనేం గొప్ప అనేది రెండోది. రెండిట్లోనూ కొంత నిజముంది గానీ నాకైతే రెండూ సరిపోవు. ఈయన ఆర్మీతో పెట్టుకున్న గొడవ సిస్టమ్ మార్చడానికి కాదు, దేశానికి ఓనర్ ఎవరు అన్న దాని మీద. ఆ కుర్చీలో తను కూర్చోవాలి అంతే, అసలు ఓనర్ అనేవాడే ఉండకూడదు అన్న ఆలోచన ఆయనకి ఏ టైంలోనూ గట్టిగా రాలేదు.

దీనికి మూలం ఇంట్లోనే ఉంది. 1949 డిసెంబర్ 25న లాహోర్‌లో పుట్టాడు, వాళ్ళ కుటుంబానిది అమృత్‌సర్ దగ్గర జాతీ ఉమ్రా అనే ఊరు, తర్వాత లాహోర్ శివార్లలో రాయ్‌విండ్ దగ్గర కట్టుకున్న ఎస్టేట్‌కి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. తండ్రి మియా మహమ్మద్ షరీఫ్ అన్నదమ్ములతో కలిసి ఇత్తెఫాక్ అనే ఇనుప ఫౌండ్రీ పెట్టి పైకొచ్చిన మనిషి, ఇంట్లో ఆయన మాటే ఫైనల్. 1972లో అప్పుడు దేశాన్ని ఏలుతున్న జుల్ఫికర్ అలీ భుట్టో ఆ ఫౌండ్రీని జాతీయం చేసి పడేశాడు. తర్వాత భుట్టోని కూలదోసి గద్దెనెక్కిన జనరల్ జియా తిరిగిచ్చాడు. ఇంక భుట్టో పార్టీ పీపీపీ మీద కోపం, ఆర్మీ మీద కృతజ్ఞత రెండూ ఇంటి ఆస్తితో పాటే వచ్చినట్టు లెక్క. పంజాబ్ గవర్నర్‌గా ఉన్న జనరల్ గులాం జిలానీ ఖాన్ 1981లో ఈ కుర్రాడిని తీసుకొచ్చి ప్రావిన్స్‌కి ఫైనాన్స్ మినిస్టర్‌ని చేశాడు, 1985కల్లా చీఫ్ మినిస్టర్.

1988 మేలో జియా తను పెట్టిన సివిలియన్ ప్రధాని జునేజోనే డిస్మిస్ చేశాడు. జునేజో ముస్లిం లీగ్ మనిషి, నవాజ్‌దీ అదే పార్టీ. కానీ నవాజ్ నిలబడింది జనరల్ పక్కన, పంజాబ్ సీఎం కుర్చీ అలాగే దక్కించుకున్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళకి ఓటుకి మర్యాద ఇవ్వండి అని అరిచిన మనిషి మొదటి పరీక్షలో రాసిన ఆన్సర్ అది. ఆ ఏడాదే భుట్టో కూతురు బెనజీర్‌ని ఆపడానికి ఐఎస్ఐ కూర్చోబెట్టి కట్టిన కూటమి ఐజేఐ, దానికి పంజాబ్‌లో మొహం ఈయనే. 1990 ఎలక్షన్‌లో అప్పటి ఆర్మీ చీఫ్ అస్లం బేగ్, ఐఎస్ఐ చీఫ్ అసద్ దుర్రానీ కలిసి లీడర్లకి డబ్బులు పంచారని 2012లో సుప్రీంకోర్టే తేల్చింది, తీసుకున్నవాళ్ళ లిస్టులో నవాజ్ పేరు కూడా ఉంది, ఆయన మాత్రం నేను తీసుకోలేదంటాడు.

అలా వచ్చిన మొదటి టర్మ్ 1993 ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ గులాం ఇషాక్ ఖాన్ చేతిలో పోయింది. మేలో సుప్రీంకోర్టు తిరిగి కూర్చోబెట్టింది, అది పాకిస్తాన్‌లో ఎప్పుడో గానీ జరగని విషయం, అయినా లాభం లేకపోయింది, జులైలో ఆర్మీ చీఫ్ వహీద్ కాకర్ మధ్యలో దూరి ప్రెసిడెంట్, ప్రధాని ఇద్దరితోనూ రిజైన్ చేయించాడు. కోర్టు తీర్పు చేతిలో ఉన్నా బలం ఇంకొకరి దగ్గర ఉందని అక్కడే అర్థమైపోయి ఉండాలి.

1997లో మూడింట రెండొంతుల మెజారిటీతో వచ్చాడు. అసలు నవాజ్ అంటే ఏంటో చూడాలంటే ఈ రెండున్నరేళ్ళే చూడాలి. గవర్నమెంట్‌ని డిస్మిస్ చేసే ప్రెసిడెంట్ పవర్‌ని 13వ సవరణతో పీకేశాడు, బాగానే ఉంది. వెంటనే 14వ సవరణతో పార్టీ ఎంపీల నోళ్ళు కట్టేశాడు. చీఫ్ జస్టిస్ సజ్జాద్ అలీ షాతో గొడవ వచ్చి నవంబర్‌లో ఈయన మనుషులు సుప్రీంకోర్టు బిల్డింగ్‌లోకే దూసుకెళ్ళారు. ఆ చీఫ్ జస్టిస్ పోయాడు, ప్రెసిడెంట్ లెఘారీ పోయాడు, మరుసటి ఏడాది ఆర్మీ చీఫ్ జహంగీర్ కరామత్ కూడా రిజైన్ చేసి వెళ్ళిపోయాడు. 1998 మే 28న చాగాయ్‌లో అణు పరీక్షలు చేసిన రోజే ఎమర్జెన్సీ పెట్టి జనాల ఫారిన్ కరెన్సీ అకౌంట్లు ఫ్రీజ్ చేశారు, గల్ఫ్‌లో కష్టపడి డాలర్లు పంపినవాళ్ళు ఆ దెబ్బ ఈరోజుకీ మర్చిపోలేదు. షరియత్ పేరుతో 15వ సవరణ తెచ్చి ఇంకా పవర్ లాక్కుందామని చూస్తే సెనేట్‌లో ఆగిపోయింది. జర్నలిస్టుల మీద కేసులు, పేపర్ల మీద ఒత్తిళ్ళు సరేసరి. లాహోర్ నుంచి ఇస్లామాబాద్‌కి మోటార్‌వే వేశాడు, మంచి రోడ్డే, ఆయన ఫ్యాన్స్ ఇప్పటికీ అదే చెప్తారు. కానీ ఫ్యాక్టరీలో యజమాని మేనేజర్లని మార్చినట్టు జడ్జిల్ని, జనరల్స్‌ని మార్చేస్తే ఏమీ కాదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు.

ఇంక ముషారఫ్. సీనియర్లని దాటించి మరీ ఆర్మీ చీఫ్‌గా తెచ్చుకున్నాడు, బలగం లేనివాడు కాబట్టి చెప్పినట్టు వింటాడని లెక్క. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వచ్చి డిక్లరేషన్ మీద సంతకం పెట్టే టైంకే కార్గిల్ కొండల మీద ప్లాన్ నడుస్తోంది. నవాజ్‌కి ఎంత తెలుసు అన్నది ఇప్పటికీ తెగని పంచాయితీ. నాకేమీ తెలియదని ఆయన, బ్రీఫింగ్ ఇచ్చామని ముషారఫ్. నా ఉద్దేశంలో ఏదో చెప్పి ఉంటారు, ఈయన పూర్తిగా పట్టించుకుని ఉండడు, గెలిస్తే క్రెడిట్ వస్తుందిలే అనుకుని ఉంటాడు. ఏదేమైనా ప్రాణాలు పోయింది సైనికులవి. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న తోలోలింగ్ సెక్టార్‌లో చనిపోయాడు, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. ఇంకో వారం తిరక్కుండానే జులై 4న నవాజ్ వాషింగ్టన్ వెళ్ళి క్లింటన్ ముందు కూర్చుని సైన్యం వెనక్కి వస్తుందని ఒప్పుకున్నాడు. ఆ పని జూన్ మొదట్లోనే చేసి ఉంటే ఎంతమంది మిగిలేవాళ్ళో.

అక్టోబర్ 12 సాయంత్రం సంగతి తెలిసిందే కానీ దగ్గర్నుంచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ముషారఫ్ కొలంబో నుంచి పీకే 805 ఫ్లైట్‌లో వస్తున్నాడు, ఆయన గాల్లో ఉండగా తీసేసి ఐఎస్ఐ చీఫ్ జియావుద్దీన్ బట్‌ని ఆర్మీ చీఫ్ చేశారు. కొత్త చీఫ్ భుజం మీద పెట్టడానికి ర్యాంక్ స్టార్ కూడా రెడీగా లేక అక్కడున్న ఆఫీసర్ భుజం మీంచి పీకి పెట్టారని చెప్తారు. టీవీలో న్యూస్ వచ్చింది, అంతలో సైనికులు సర్కారీ టీవీ ఛానల్ పీటీవీ గేట్లు ఎక్కి లోపలికి దూకారు. కరాచీలో దిగనివ్వకుండా ఆపిన ఫ్లైట్ దాదాపు 200 మందితో, కొద్ది నిమిషాల ఫ్యూయల్‌తో దిగింది, అప్పటికి గవర్నమెంట్ లేదు. టూ థర్డ్స్ మెజారిటీ ఉన్న ప్రధాని కోసం ఆ రాత్రి రోడ్డు మీదకొచ్చినవాళ్ళు ఎవరూ లేరు, కొన్నిచోట్ల స్వీట్లు కూడా పంచుకున్నారు. పార్టీని పార్టీలాగా పెంచి ఉంటే అలా అయ్యేది కాదు.

ఆ ఫ్లైట్‌ని దిగనివ్వలేదని పెట్టిన హైజాకింగ్ కేసులో యావజ్జీవం పడింది. అప్పుడు నిజంగా ఫైట్ చేసింది భార్య కుల్సూం. 2000 జులైలో లాహోర్‌లో ఊరేగింపుకి బయల్దేరితే పోలీసులు అడ్డుకున్నారు, ఆవిడ కారు డోర్లు లాక్ చేసుకుని దిగనంది, చివరికి క్రేన్ తెచ్చి ఆవిడ లోపల ఉండగానే కారుని లేపి తీసుకెళ్ళారు. ఆ ఫోటోతో ఒక ఉద్యమం కట్టొచ్చు. కానీ డిసెంబర్‌లో ఫ్యామిలీ అంతా సౌదీతో కుదిరిన డీల్ మీద జెద్దా వెళ్ళిపోయింది, వెనక ఉండిపోయిన పార్టీవాళ్ళు జావేద్ హాష్మీ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి జైల్లో మగ్గారు.

2006లో లండన్‌లో బెనజీర్‌తో కలిసి చార్టర్ ఆఫ్ డెమోక్రసీ మీద సంతకం పెట్టాడు, ఇంకెప్పుడూ ఒకరి గవర్నమెంట్ పడగొట్టడానికి ఇంకొకరం ఆర్మీతో చేతులు కలపం అని. ఇక్కడ మారాడనే అనిపించింది, 2009లో ముషారఫ్ తీసేసిన జడ్జిల కోసం లాంగ్ మార్చ్ కూడా చేశాడు. కానీ 2011లో ఆర్మీని అదుపు చేయమని అమెరికాకి రహస్యంగా లెటర్ వెళ్ళిందన్న మెమోగేట్ గొడవ రాగానే బెనజీర్ భర్త జర్దారీ గవర్నమెంట్ మీద స్వయంగా నల్లకోటు వేసుకుని సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 2012లో ప్రధాని గిలానీకి కోర్టు ధిక్కారం కింద శిక్ష పడితే ఇంక కుర్చీ దిగు అన్నాడు. ప్రజాప్రతినిధి నిజాయితీపరుడై ఉండాలి అంటూ జియా టైంలో పెట్టిన 62(1)(ఎఫ్) క్లాజ్‌ని 18వ సవరణలో తీసేద్దామంటే నవాజ్ పార్టీయే అడ్డం పడిందని పీపీపీ వాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు. 2017 జులై 28న సుప్రీంకోర్టు ఆయన్ని దింపింది సరిగ్గా ఆ క్లాజ్ మీదే. నీవు నేర్పిన విద్యయే నీరజాక్షా.

ఆ కేసు విచిత్రం ఏంటంటే మొదలైంది విదేశీ డొల్ల కంపెనీల గుట్టు బయటపెట్టిన పనామా పేపర్స్‌తో, లండన్ ఎవెన్‌ఫీల్డ్ ఫ్లాట్ల డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నతో, పదవి పోయింది మాత్రం దుబాయ్‌లో కొడుకు కంపెనీ నుంచి రావాల్సిన, తను తీసుకోలేదని చెప్పిన జీతం నామినేషన్‌లో చూపించలేదని. విచారణ చేసిన టీంలో ఐఎస్ఐ, మిలిటరీ ఇంటెలిజెన్స్ మనుషులు కూడా ఉన్నారు. అంటే కుట్ర లేదని ఎవరూ అనలేరు. అలాగని ఆ ఫ్యామిలీ చెప్పిన లెక్కలు నమ్మేలా ఉన్నాయా అంటే అదీ లేదు, మధ్యలో ఖతార్ రాజకుమారుడి లెటర్ వచ్చింది, వాళ్ళిచ్చిన 2006 డేట్ వేసిన డాక్యుమెంట్ 2007లో గానీ జనానికి మామూలుగా అందుబాటులోకి రాని కాలిబ్రీ ఫాంట్‌లో ఉందని తేలింది. ఫాంట్ దగ్గర దొరికిపోవడం ఏంటండీ బాబూ. నవాజ్‌ని సమర్థించే లిబరల్స్ ఈ చాప్టర్ గబగబా దాటేస్తారు, దాటకూడదు.

ఆ ఫ్లాట్ల కేసులో శిక్ష పడ్డాక 2018 జులై 13న కూతురు మరియంతో కలిసి లండన్ నుంచి వచ్చి అరెస్టయ్యాడు, క్యాన్సర్‌తో ఉన్న భార్యని అక్కడే వదిలి. ఆవిడ సెప్టెంబర్‌లో చనిపోయింది. ఆయన జీవితంలో నేను మనస్ఫూర్తిగా గౌరవించే రోజు ఆ అరెస్టు రోజొక్కటే. అదే రోజు తమ్ముడు షాబాజ్ లాహోర్‌లో ర్యాలీ తీశాడు, ఎయిర్‌పోర్ట్‌కి పోవాల్సిన ఆ ర్యాలీ ఎయిర్‌పోర్ట్ దాకా చేరనే లేదు. అన్న కొట్లాడతాడు, తమ్ముడు మాట్లాడతాడు, చివరికి ఎవరి లైన్ గెలిచిందో తర్వాత ఏళ్ళు చూపించాయి. 2019లో ట్రీట్‌మెంట్ అని లండన్ వెళ్ళాడు, 2020 జనవరిలో ఆయన పార్టీ ఆర్మీ చీఫ్ జనరల్ బజ్వా ఎక్స్‌టెన్షన్‌కి దారి వేసే చట్టానికి ఓటేసింది, అక్టోబర్‌లో అదే బజ్వాని పేరు పెట్టి వీడియో స్పీచ్‌లో ఉతికేశాడు. అటు బేరం, ఇటు పోరాటం, రెండూ ఒకే ఏడాదిలో.

2023 అక్టోబర్ 21న తిరిగొచ్చాడు, రెండు నెలల్లోపే పాత శిక్షలన్నీ ఎగిరిపోయాయి. 2018 నాటి ఓట్ కో ఇజ్జత్ దో స్లోగన్ పక్కకెళ్ళి పాకిస్తాన్ కో నవాజ్ దో, అంటే పాకిస్తాన్‌కి నవాజ్‌ని ఇవ్వండి అన్నది వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ పార్టీ బలపరిచిన ఇండిపెండెంట్లు తమ పార్టీ గుర్తు బ్యాట్ లేకుండానే 90కి పైగా సీట్లు గెలిచారు, నవాజ్ పార్టీకి 75. ఆయన మాన్‌సెహ్రాలో ఓడిపోయాడు, లాహోర్‌లో జైల్లో ఉండి పోటీ చేసిన యాస్మిన్ రషీద్ మీద గెలిచినట్టు ప్రకటించారు, ఆ లెక్క మీద గొడవ చాలా నడిచింది. నాలుగోసారి ప్రధాని కాలేదు. తమ్ముడు ప్రధాని అయ్యాడు, కూతురు పంజాబ్ సీఎం అయింది.

ఆ ఏడాది మే 28న మళ్ళీ పార్టీ ప్రెసిడెంట్ అయ్యి, వాజ్‌పేయితో చేసుకున్న ఒప్పందాన్ని మనమే ఉల్లంఘించాం, తప్పు మనదే అని మీటింగ్‌లో ఒప్పుకున్నాడు. ధైర్యమైన మాటే, కాకపోతే ఖర్చు లేని ధైర్యం. 2025 నవంబర్‌లో తమ్ముడి గవర్నమెంట్ 27వ సవరణ తెచ్చి ఆర్మీ చీఫ్ ఫీల్డ్ మార్షల్ ఆసిమ్ మునీర్‌ని మూడు దళాల మీద పెద్దని చేసి, జీవితాంతం కేసుల నుంచి రక్షణ కూడా రాసిచ్చింది. ఎంపీగా నవాజ్ అదే సభలో ఉన్నాడు. పంజాబ్ కుర్చీ కూతురి దగ్గరే ఉంది, 2018లో తను ఉన్న అడియాలా జైల్లో ఇప్పుడు ఇమ్రాన్ ఉన్నాడు.