మా మావయ్య కునుకు జోలికి రాకండి

పర్లాకిమిడి, పాతపట్నం చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు పగలు పడుకుంటే రక్తం గడ్డకట్టి మళ్లీ వస్తుందట. ఆ నీరసం ఒట్టి బద్ధకమట. గురక పెడితే నిద్ర బాగా పట్టినట్టట, పట్టకపోతే అర నిద్రమాత్ర వేస్తే చాలట. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా మావయ్యకే నలుగురు పంపారు.

ముందు బద్ధకం మాట. మావయ్య మహేంద్రతనయ నది దాటి పాతపట్నానికి సైకిల్ మీద వెళ్లొచ్చే మనిషి. ఇప్పుడు చొక్కా తొడుక్కుంటూ మూడో బొత్తాం దగ్గర ఆగి మంచం పట్టె మీద కూలబడతారు. "ఒంట్లో కాదురా, బుర్రలో ఇసక పోసినట్టుంది" అంటారు. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఈ అలసట ఉంటుంది. స్వల్పంగా వచ్చి చేయీ కాలూ బాగానే ఆడుతున్నవాళ్లకీ వస్తుంది, నిద్రపోయి లేచినా తీరదు. బద్ధకస్తుడికి పని చెయ్యాలనుండదు, ఈయనకి చెయ్యాలనే ఉంటుంది. రక్తహీనత, థైరాయిడ్, దిగులు, ఫిట్స్ మందులు, కండరాల బిగువుకిచ్చే బాక్లోఫెన్ కూడా ఇలా నీరసపెడతాయి. అవి డాక్టరు చూడాలి.

కునుకు వల్ల స్ట్రోక్ రాదు. బీపీ, షుగరు, పొగాకు, గుండె లయ తప్పడం, మాత్రలు మానెయ్యడం వల్ల వస్తుంది. రోజంతా కదలకుండా పడుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, నిజమే. దాన్ని తెచ్చి అరగంట కునుక్కి అంటగట్టారు! మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా పడుకుంటే మాత్రం రాత్రి జాగారమే.

అసలు ప్రమాదం గురక మాటలో ఉంది. ఓ రాత్రి పక్కన కూర్చుని విన్నాను. గురక ఉన్నట్టుండి ఆగింది. లెక్కపెట్టాను, ఇరవై దాటింది. తర్వాత నీళ్లలో మునిగి తేలినట్టు ఒక్క ఎగశ్వాస. శ్వాస పది సెకన్లు ఆగినా లెక్కలోకి వస్తుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు, స్ట్రోక్ రోగుల్లో సగానికి పైగా ఉంటుంది. ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోయి బీపీ ఎగబాకుతుంది. పగటి మత్తుకీ ఇదో కారణం. నిద్ర పరీక్ష చేసి, అవసరమైతే గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మాస్కు ఇస్తారు.

అలాంటి మనిషికి ఇంట్లోవాళ్లే నిద్రమాత్ర వేస్తే గొంతు కండరాలు ఇంకా సడలి శ్వాస మరింతసేపు ఆగొచ్చు. రాత్రి లేచి తూలి పడితే తుంటి విరగొచ్చు.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, హఠాత్తుగా మగతలోకి జారినా అది అలసట కాదు, 108కి ఫోన్ చెయ్యండి.

అత్తయ్య చొక్కాలన్నిటికీ టిచ్ బటన్లు కుట్టించింది. మావయ్య ఒంటిగంటకి అరగంట పడుకుంటారు. ఆ టైములో ఫోన్ చేసి లేపకండి.